చీకటి పాటకు తీర్పు చెప్పేదెవరు?

ఒక కృతి లోకంలో అడుగుపెట్టిన తొలి వారంలో దానిపై వెలువడే అభిప్రాయం ఆ కృతిని గురించి ఎంత చెబుతుందో, ఆ అభిప్రాయం వెలిబుచ్చిన వారి అభిరుచులను, అలవాట్లను గురించి కూడా అంతే చెబుతుంది. సాహిత్య విద్యార్థులకు ఇది తెలియని సంగతి కాదు. నేడు నిరసనకు గురైన కావ్యం రేపు పాఠ్యగ్రంథం కావడం, నేడు తలకెత్తుకున్నది రేపు అటక ఎక్కడం తెలుగులోనూ, ఉర్దూలోనూ పలుమార్లు జరిగినవే. ఐతే సంగీతంలో, అందునా యువజనులు వినే జనప్రియ సంగీతంలో, ఈ తొందర మరింత ఎక్కువ. పాట విడుదలైన రాత్రికే నక్షత్రాల లెక్కన మార్కులు పడిపోతాయి. తెల్లవారేసరికి అది గొప్పదో, చెత్తదో తేలిపోతుంది. ఆ తర్వాత వినేవారు పాటను వినరు; తీర్పును వింటారు.

ఈ సమస్యను పరిశీలించడానికి నేనెంచుకున్న ఉదాహరణ తెలుగుదీ కాదు, ఉర్దూదీ కాదు. 1986 మార్చి 17న ఇంగ్లండులో వెలువడిన 'బ్లాక్ సెలబ్రేషన్' అనే పాటల సంపుటి. 'నల్లని వేడుక' అని ఆ పేరుకు అర్థం. పాడినవారు డిపెష్ మోడ్ అనే బృందం. తెలుగు బోధించేవానికి ఆంగ్లేయుల యంత్రసంగీతంతో పని యేమిటని పెద్దలు ప్రశ్నించవచ్చు. విమర్శ ధర్మం భాషను బట్టి మారదన్నది నా మొదటి సమాధానం. మన విద్యార్థుల చెవుల్లో నేడు మోగుతున్న సంగీతంలో చాలా భాగం ఎలక్ట్రానిక్ వాద్యాల నుండి పుట్టినదే కాబట్టి, దానిని గురించి ఆలోచించడం నేర్పవలసిన బాధ్యత అధ్యాపకులకు ఉందన్నది రెండవది.

లండన్ నగరానికి తూర్పున, ఎసెక్స్ ప్రాంతంలో బాసిల్డన్ అనే ఊరుంది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాత, నగరంలోని జనసమ్మర్దాన్ని తగ్గించడానికి ప్రభుత్వం పూనుకొని కట్టించిన కొత్త పట్టణాలలో అదొకటి. 1980లో ఆ ఊరి యువకులు నలుగురు - విన్స్ క్లార్క్, మార్టిన్ గోర్, ఆండీ ఫ్లెచర్, డేవ్ గహన్ - కలిసి సింథసైజర్లనే ప్రధాన వాద్యాలుగా చేసుకొని పాటలు కట్టారు. 1978లో డానియల్ మిల్లర్ స్థాపించిన 'మ్యూట్' అనే చిన్న సంస్థ వారి రికార్డులను వెలువరించింది. 1981లో వచ్చిన 'జస్ట్ కాంట్ గెట్ ఇనఫ్' అనే గంతులు వేయించే పాట బ్రిటిష్ జాబితాలో ఎనిమిదవ స్థానానికి చేరింది. పత్రికల ముఖచిత్రాల మీద ఈ కుర్రవాళ్ళ నవ్వుముఖాలు కనిపించాయి. ఆ ఏడాది చివరనే ఆ పాట రచయిత క్లార్క్ బృందాన్ని విడిచిపోయాడు. పాటలు రాసే భారం గోర్ మీద పడింది. 1982లో అలన్ వైల్డర్ అనే వాద్యకారుడు వచ్చి చేరాడు. అక్కడి నుండి ఏడాదికేడాది వారి పాటలలో చీకటి చిక్కబడుతూ వచ్చింది. 1986 నాటి సంపుటిలో అది పూర్తిగా పరచుకున్నది.

ఆ కాలపు బ్రిటన్ ఎటువంటిదో కూడా గుర్తుచేసుకోవాలి. 1984 మార్చిలో మొదలైన గనికార్మికుల సమ్మె ఏడాదిపాటు సాగి ఓటమితో ముగిసింది. నిరుద్యోగుల సంఖ్య ముప్పయి లక్షలు దాటింది. ఈ సంపుటిలో కొంత పని జరిగిన హాన్సా స్టూడియో బెర్లిన్ గోడకు కూతవేటు దూరంలో ఉండేది. పాటలు ఈ సంగతులను పేరెత్తి చెప్పవు. కాని ఆ గాలిని పీల్చిన పాటలివి అని గ్రహించకుండా వాటి నలుపు ఎక్కడిదని అడగడం న్యాయం కాదు.

సంపుటి పేరే పెట్టుకున్న మొదటి పాటలో కథ ఏమంత పెద్దది కాదు. మరో దుర్దినం గడిచింది. అలసిన ఒక మనిషి మరో అలసిన మనిషిని ఓదార్పు కోరుతున్నాడు. గడిచిపోయినందుకే ఆ రోజుకు ఒక వేడుక. అంతే. 'ఫ్లై ఆన్ ది విండ్‌స్క్రీన్' అనే పాటలో కారు అద్దానికి తగిలి చచ్చిన ఈగ మృత్యువును గుర్తుచేస్తుంది. ఎటు చూసినా మరణమే కాబట్టి ఈ క్షణంలో ప్రేమించమని ఆ పాట అర్థిస్తుంది. 'న్యూ డ్రెస్' అనే పాటలో లోకంలోని ఘోరాలన్నీ ఒక్కొక్కటే వార్తలుగా వచ్చిపోతాయి. చివరకు పత్రికకు ముఖ్యమైనది రాజకుమారి కట్టిన కొత్త దుస్తు. ఇది నిస్పృహ కాదు, నిశితమైన వ్యంగ్యం. 'స్ట్రిప్డ్' అనే పాట నగరపు పొగను, టెలివిజనును విడిచి చెట్ల మధ్యకు రమ్మంటుంది. ఆ పాటకు ఆధారధ్వని వేగం తగ్గించిన మోటారుసైకిలు ఇంజను శబ్దం. అందులో కారును స్టార్టు చేసే చప్పుడు కూడా వినవస్తుంది. యంత్రాన్ని విడువమనే మాటను యంత్రం చేతనే పలికించారన్నమాట. ఏ ధ్వనినైనా పట్టి, దానిని యంత్రపు జ్ఞాపకంలో నిలిపి, మీటల మీద స్వరాలుగా పలికించే 'శాంప్లింగ్' పద్ధతిని ఇంత అర్థవంతంగా వాడిన పాటలు ఆనాటికి అరుదు.

మరి దీనికి లభించిన ఆదరణ ఎటువంటిది? బ్రిటన్‌లో ఆనాడు 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్', 'మెలొడీ మేకర్', 'సౌండ్స్' అనే మూడు వారపత్రికలు సంగీత విషయాలలో తీర్పరులుగా వెలిగేవి. ఆ దేశపు పత్రికలలో ఈ సంపుటికి మిశ్రమ స్పందనే వచ్చింది. బాలతారల ముద్ర నుండి తప్పించుకోవడానికి ఈ కుర్రవాళ్ళు చీకటివేషం కట్టారని 'మెలొడీ మేకర్' ఎద్దేవా చేసింది. శ్రోతలు మాత్రం సంపుటిని బ్రిటిష్ జాబితాలో నాలుగవ స్థానానికి తీసుకుపోయారు. అమెరికాలో అది తొంభయ్యవ స్థానం దాటలేదు. అక్కడి రికార్డు సంస్థ 'స్ట్రిప్డ్' పాటను వెనక్కు నెట్టి, దాని రెండవ వైపున ఉన్న 'బట్ నాట్ టునైట్' అనే ఉల్లాసమైన పాటను ముందుకు తెచ్చింది. సంపుటి చివర కూడా దానినే చేర్చింది. చీకటికి భయపడినవారు విమర్శకులే కాదు, వర్తకులు కూడా.

ఈ తీర్పులో మూడు పొరపాట్లు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయని నా అభిప్రాయం. మూడూ మనకు పరిచితమైనవే.

మొదటిది, కృతిని విడిచి కర్తను చూడడం. నిన్న గంతుల పాట పాడినవాడు నేడు దుఃఖం పాడితే అది వేషమే అయి తీరుతుందని అనుకోవడం. గోర్ తోలుదుస్తులు ధరించేవాడు. వేదిక మీద స్త్రీల లంగాలు కూడా కట్టేవాడు. విమర్శకుని దృష్టి వాటి మీద నిలిచిపోయింది. మన భావకవులకు జరిగినదీ ఇదే కదా! 1925లో కృష్ణశాస్త్రిగారి 'కృష్ణపక్షం' వెలువడిన కాలంలో, కవిత్వం కంటె కవుల గిరజాల జుట్టు, వారి కన్నీరు ఎక్కువగా పరిహాసానికి గురయ్యాయి. ఏడుపు కవిత్వమని వెక్కిరించినవారి వ్యాసాలు నేడు పరిశోధక విద్యార్థులకు తప్ప అక్కర లేదు. 'కృష్ణపక్షం' మాత్రం నిలిచింది. వేషం కట్టడం తప్పు కాదు. నాటకంలో అందరూ వేషధారులే. వేషం లోపల పాత్ర పలికిందా లేదా అన్నదే ప్రశ్న.

రెండవది, వాద్యాన్ని బట్టి హృదయాన్ని అంచనా వేయడం. సింథసైజర్ యంత్రం కాబట్టి దానికి గుండె లేదని ఒక వాదం ఆనాడు బలంగా ఉండేది. నేటికీ పూర్తిగా పోలేదు. ఈ వాదం మన దేశానికీ కొత్త కాదు. 1940లో ఆకాశవాణి హార్మోనియంను తన కేంద్రాల నుండి బహిష్కరించింది. అది పరదేశపు పెట్టె అని, గమకం పలకదని, మన శ్రుతులకు ఒదగదని కారణాలు చెప్పారు. 1971 వరకు ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పయ్యేళ్ళలోనూ హార్మోనియం లేని ఖవ్వాలీ లేదు. హార్మోనియం లేని తెలుగు పద్యనాటకం లేదు. గమకం పలకదన్నమాట శాస్త్రరీత్యా నిజమే. కాని గమకం పలకని పెట్టెతోనే గాయకుడు వేల జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టాడు. వాద్యానికి హద్దులుంటాయి; ఆ హద్దుల లోపల మనిషి ఏమి చేశాడన్నదే విమర్శకు విషయం.

మూడవది అన్నిటికంటె లోతైనది: చీకటిని లోపమనుకోవడం. విషాదం ఒక రసస్థితి. అది గుణమూ కాదు, దోషమూ కాదు. మన అలంకారికులు ఈ చిక్కును ఎన్నో శతాబ్దాల క్రితమే విప్పారు. కరుణరసం దుఃఖమే అయితే దానిని కోరి ఎవరూ పోరు కదా అని సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు వాదించాడు. మనుషులు కోరి పోతున్నారు కాబట్టి అందులో దుఃఖం కంటె వేరైనదేదో ఉన్నది. భవభూతి కరుణనే రసాలన్నిటికీ మూలంగా నిలబెట్టాడు. ఉర్దూ విద్యార్థులకు మీర్ అనీస్ మర్సియాలను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. శోకాన్ని పాడటం శోకానికి లొంగిపోవడం కాదు. దానికొక రూపమిచ్చి ఎదురుగా నిలబెట్టడం.

'నల్లని వేడుక' అన్న పేరులోని వైరుధ్యం ఆంగ్ల విమర్శకునికి వేషంగా తోచి ఉండవచ్చు. తెలుగు పల్లెలో పుట్టినవానికి అది వింతగా తోచదు. కర్బలా అమరులను తలచుకునే మొహర్రం దినాలకు మన పల్లెలలో పెట్టుకున్న పేరు పీర్ల పండుగ. శోకదినానికి పండుగ అని పేరు! అగ్నిగుండం చుట్టూ హిందువులు, ముస్లింలు అన్న భేదం లేక గుమిగూడి కర్బలా కథను తెలుగులోనే పాడుకుంటారు. ఆ ఆచారాల ధర్మాధర్మాలను గురించి మనలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చకు ఇది తావు కాదు. నేను చెప్పదలచినది ఒక్కటే: దుఃఖాన్ని నలుగురూ చేరి మోసినప్పుడు దానిని పండుగ అనడానికి మన పల్లెజనం వెనుకాడలేదు. ఆ ఇంగితం పెద్ద పత్రికల సమీక్షకులకు కొరవడింది.

ఇక్కడ మన కళాశాల వంటి సంస్థలో తప్పక తలెత్తే ప్రశ్న ఒకటున్నది. ఈ బృందమే 1984లో 'బ్లాస్ఫెమస్ రూమర్స్' అనే పాట పాడింది. ప్రాణాలు తీసుకోబోయి బ్రతికిన ఒక బాలిక, విశ్వాసం కుదిరిన తర్వాత ప్రమాదంలో మరణించిన ఒక యువతి అందులోని వస్తువు. ఆ విషాదాన్ని చూసి దైవాన్నే నిందించే మాట అందులో ఉన్నది. విశ్వాసినైన నేను ఆ మాటను అంగీకరించను. అయ్యూబ్ ప్రవక్త సహనాన్ని చదువుకున్నవారికి బాధను చూసి చేరవలసిన గమ్యం వేరు. కాని పాట తేల్చిన మాటతో విభేదించడం ఒకటి, పాటకు ఆ ప్రశ్న అడిగే హక్కే లేదనడం ఇంకొకటి. ఇక్బాల్ 'షిక్వా' రాసినప్పుడు దేవునికే ఫిర్యాదా అని ఆగ్రహించినవారు తక్కువ మంది కారు. తర్వాత 'జవాబె షిక్వా' కూడా ఆయనే రాశారు. ప్రశ్నను నోరు నొక్కి ఉంటే జవాబు కూడా పుట్టి ఉండేది కాదు.

చీకటి పాటలు యువకులను నిస్పృహలోకి నెడతాయని భయపడే తల్లిదండ్రులున్నారు. వారి భయాన్ని నేను తేలికగా కొట్టివేయను. పాట మందు కాదు. నిజంగా కుంగిపోయిన విద్యార్థికి కావలసినది పక్కన కూర్చునే మనిషి, అవసరమైతే వైద్యుడు. ఆ పనిని పాట మీద వదిలివేయడం మన బాధ్యతను మనం వదులుకోవడమే. కాని పాటను లాగివేసినంత మాత్రాన దుఃఖం పోతుందనుకోవడం కూడా పొరపాటే. నా వంటి బాధను మరొకడు పేరు పెట్టి పిలిచాడన్న ఎరుక చాలామందికి తొలి ఊరట. ఆ ఊరట లేనిచోట మౌనం మిగులుతుంది. మౌనం పాట కంటె ప్రమాదకరం.

తర్వాతి చరిత్రను చూద్దాం. 1988 జూన్ 18న అమెరికాలోని పాసడీనాలో, రోజ్ బౌల్ మైదానంలో ఈ బృందాన్ని వినడానికి దాదాపు అరవై వేల మంది వచ్చారు. 1989లో అమెరికా పత్రిక 'స్పిన్' తన ఇరవై అయిదు ఉత్తమ సంపుటుల జాబితాలో 'బ్లాక్ సెలబ్రేషన్'ను చేర్చింది. 1990 నాటి 'వయొలేటర్' బ్రిటన్‌లో రెండవ స్థానానికి, అమెరికాలో ఏడవ స్థానానికి చేరింది. నైన్ ఇంచ్ నెయిల్స్ సృష్టికర్త ట్రెంట్ రెజ్నర్ తన సంగీతానికి బీజం 1986 నాటి ఆ పర్యటనలో పడిందని చెప్పుకున్నాడు. జర్మన్ బృందం రామ్‌స్టైన్ 1998లో 'స్ట్రిప్డ్'ను తిరిగి పాడింది. ఇక తీర్పు చెప్పిన పత్రికల సంగతి: 'సౌండ్స్' 1991లో మూతపడింది. 'మెలొడీ మేకర్' 2000 చివర తన పోటీపత్రికలో కలిసిపోయింది. ఆ పోటీపత్రిక వారం వారం అచ్చు కావడం 2018లో ఆగింది. 2022 మేలో ఫ్లెచర్ మరణించాడు. మిగిలిన గోర్, గహన్ 2023 మార్చిలో వెలువరించిన సంపుటి పేరు 'మెమెంటో మోరీ' - మరణాన్ని స్మరించు అని అర్థం. వేషాన్ని ముప్పయ్యేడేళ్ళు ఎవరూ కట్టుకొని తిరగరు.

ఐతే ఇక్కడొక హెచ్చరిక అవసరం. మొదటి తీర్పు తప్పు కాబట్టి రెండవ తీర్పు ఒప్పు అని వెంటనే అనుకోరాదు. అరవై వేల మంది రావడం ఆదరణకు సాక్ష్యం, విలువకు కాదు. ఇతరులు అనుకరించడం ప్రభావానికి సాక్ష్యం, లోపరాహిత్యానికి కాదు. దీర్ఘకాలం ఒకే దారిని నడవడం నిజాయితీకి గుర్తు కావచ్చు. కాని నిజాయితీ ఒక్కటే కళ కాదు. ఆనాడు వెక్కిరించినవారూ, నేడు విగ్రహం నిలిపినవారూ ఒక పని సమానంగా ఎగవేయవచ్చు: వినడం.

విని చెప్పవలసివస్తే, ఈ సంపుటిలో లోపాలు లేకపోలేదు. 'డ్రెస్డ్ ఇన్ బ్లాక్' వంటి పాటలలో మాట పలచబడి, నలుపు కేవలం అలంకారంగా మిగిలింది. ప్రాసకోసం తెచ్చిన మాటలు అక్కడక్కడ తేలిపోతాయి. గోర్ స్వయంగా పాడిన నాలుగు పాటలూ ఒకే మెత్తని స్వరంలో సాగి, వాటి మధ్య భేదం కొంత తగ్గింది. కాని మొదటి పాట నుండి రెండవ పాటలోకి ఆగకుండా జరిగే ప్రవేశం, 'స్ట్రిప్డ్'లో ధ్వనికీ భావానికీ కుదిరిన పొత్తు, 'న్యూ డ్రెస్'లోని చురక - ఇవి ఒక మనఃస్థితిని ఆసాంతం నిలిపిన నిర్మాణ శక్తికి నిదర్శనాలు. గుణం ఫలానా చోట, దోషం ఫలానా చోట అని వేలు పెట్టి చూపడమే విమర్శ. నల్లగా ఉన్నదని తిట్టడమూ విమర్శ కాదు, నల్లగా ఉన్నదని పొగడడమూ విమర్శ కాదు.

విద్యార్థి మిత్రులకు నా సూచన ఇది. ఏ పాటల సంపుటిని గురించి అయినా కలం పట్టే ముందు కనీసం మూడు మార్లు వినండి. మొదటిసారి రాగం కోసం, రెండవసారి మాట కోసం, మూడవసారి మీ మనసులో కలిగిన మార్పు కోసం. పాటకు ఇచ్చే తీర్పులో పాడినవాని జుట్టుకు, దుస్తులకు, పాత పేరుకు మార్కులు వేయకండి. మీకు నచ్చని రసం ఉంటే అది నచ్చలేదనండి, లేదనకండి. నక్షత్రాలు లెక్కపెట్టే పనిని సెల్‌ఫోనుకు వదిలి, కారణం చెప్పే పనిని మీరు తీసుకోండి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి. ఈ వార్షిక సంచికలో కథకు, కవితకు, గజల్‌కు చోటున్నది, సమీక్షకు లేదు. ఉర్దూలోనూ, తెలుగులోనూ విద్యార్థులు రాసే సమీక్షలకు నాలుగు పుటలు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. గ్రంథాలయంలో ఒక మూల, వారానికి ఒక గంట, కొన్ని వినికిడి సాధనాలు చాలు. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఏ పాట వినాలో, ఏది వినరాదో మనం జాబితా రాసి గోడకు అంటించవచ్చు. విద్యార్థి ఆ జాబితాను చదివి, హాస్టలుకు పోయి తనకు నచ్చినదే వింటాడు. అంతకంటె ఎలా వినాలో నేర్పితే, మనం లేనిచోట కూడా ఆ విద్య వాని వెంట ఉంటుంది. తీర్పు చెప్పే హక్కు అందరికీ ఉన్నది. ఆ హక్కుకు ముందుగా చెల్లించవలసిన రుసుము మాత్రం ఒక్కటే - చెవి ఒగ్గి, చివరి వరకు వినడం.